కౌన్సిల్ వార్తలన్నీ కొనుక్కున్నవేనా?

మున్సిపల్ కౌన్సిల్ సమావేశం జరిగిన ప్రతిసారీ మా ఊళ్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. పేర్లు మారతాయి, సారాంశం మాత్రం అదే. "లోకల్ విలేకరులంతా డబ్బు తీసుకునే రాస్తారు. ఒకే సమావేశాన్ని మూడు పేపర్లు మూడు రకాలుగా రాశాయంటే మూడూ అబద్ధమే. మన వార్డు సమస్య వేయలేదంటే చైర్‌పర్సన్‌తో కుమ్మక్కయినట్టే. పేపరు మానేయండి, అసలు నిజం గ్రూపుల్లోనే వస్తుంది." ఈసారి అది ఒక కాలువ టెండరు మీద వచ్చింది. నాకు తెలిసినవాళ్లే పది మంది పంపారు.

నేను ఎనిమిదేళ్లు ఒక దినపత్రికకు ఈ ఊరి నుంచే వార్తలు రాశాను. మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు ఏ పత్రికతోనూ సంబంధం లేదు. మన స్థానిక పత్రికల్లో పక్షపాతం ఉంది. దాన్ని లోపలి నుంచి చూసినవాణ్ణి. అది ఉన్నచోటు వదిలేసి లేనిచోట చూపిస్తున్నారనే ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. చిన్న ఊరి విలేకరికి చాలా పత్రికల్లో జీతం ఉండదు. కంట్రిబ్యూటర్ అంటారు. అచ్చయిన వార్తను కొలిచి, లైన్ అకౌంట్ కింద నెలకు ఇంత అని ఇస్తారు. నా రోజుల్లో అది బండి పెట్రోలుకు కూడా చాలేది కాదు. పైగా చందాల టార్గెట్, యాడ్ టార్గెట్ ఆయన మీదే. సంక్రాంతికి, ఉగాదికి, పత్రిక వార్షికోత్సవానికి యాడ్లు తేవాలి. చిన్న మున్సిపాలిటీలో యాడ్ ఇచ్చే స్తోమత ఎవరికుంటుంది? చైర్‌పర్సన్‌కు, కాంట్రాక్టర్లకు, ప్రైవేటు స్కూళ్లకు, రియల్ ఎస్టేట్ వాళ్లకు. పొద్దున ఒక కాంట్రాక్టరు దగ్గర యాడ్ అడిగిన మనిషే సాయంత్రం అదే కాంట్రాక్టరు వేసిన రోడ్డు నెలకే లేచిపోయిందని రాయాలి. అప్పుడు ఆ మనిషి అబద్ధం రాయడు. ఆ రోడ్డు వార్తను రేపటికి ఆపుతాడు. రేపు ఎల్లుండి అవుతుంది, తర్వాత వర్షాకాలం వస్తుంది, అందరూ మర్చిపోతారు. నేను కూడా రెండుసార్లు అలా ఆపాను. ఆ రెండూ ఇప్పటికీ గుర్తున్నాయి.

కాబట్టి డబ్బు ప్రభావం ఎక్కడుందో వెతకాలంటే అచ్చయిన వార్తలో కన్నా అచ్చు కాని వార్తలో వెతకాలి. పుట్టినరోజు శుభాకాంక్షల యాడ్ పేజీ నిండా వచ్చిన వారం, ఆ నాయకుడి వార్డు గురించి ఏం రాలేదో చూడండి. మెసేజ్ పంపేవాళ్లు ఈ పని ఎప్పుడూ చేయరు. వాళ్లకు నచ్చని వార్త వచ్చినప్పుడే విలేకరికి డబ్బు కవరు ఇచ్చారని అంటారు.

నేరుగా డబ్బుకు వార్త అమ్ముకోవడం లేదా అంటే ఉంది. 2009 ఎన్నికల్లో అది పెద్ద ఎత్తునే జరిగింది. దాన్ని బయటపెట్టిన వాళ్లలో ముందున్నది విలేకరుల సంఘమే. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసింది. తర్వాత పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి. పేర్లతో సహా రాసిన ఆ నివేదికను ప్రెస్ కౌన్సిల్ 2010లో పూర్తిగా బయటపెట్టలేదు. సమాచార హక్కు కింద పట్టుబడితే 2011లో బయటకు వచ్చింది. "విలేకరులంతా" అనేటప్పుడు వీళ్లనూ లెక్కలో వేసుకోవాలి కదా. 2014 నవంబరులో చిలకలూరిపేటలో, 2019 అక్టోబరులో తుని దగ్గర హత్యకు గురైన స్థానిక విలేకరులనూ వేసుకోవాలి. ఆ కేసుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. కానీ ఊళ్లో ఉంటూ, ఆ ఊరి వాళ్ల గురించే రాసి, అదే వీధిలో ఇంటికి నడిచి వెళ్లాల్సిన మనిషి బతుకు ఎలా ఉంటుందో తెలియకుండా అందరూ అమ్ముడుపోయారని అనడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

రెండో మాట, మూడు పేపర్లు మూడు రకాలుగా రాస్తే మూడూ అబద్ధమేనని. దీని దగ్గర కాస్త ఆగాలి.

ఏ పత్రిక ఎవరిదో మనకు తెలియనిది కాదు. సాక్షిని 2008లో జగన్ కుటుంబం పెట్టింది. ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశం వైపని వైఎస్సార్‌సీపీ వాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. ఆ మొగ్గు జిల్లా పేజీల దాకా వస్తుంది. కానీ వార్తలో అది ఎక్కడ చేరుతుందో చూడండి. ఒక కౌన్సిలర్ లేచి, చెత్త బండ్ల డీజిల్ లెక్క అడిగాడనుకుందాం. ఒక పేపర్లో ఆయన "నిలదీశారు". ఇంకో పేపర్లో "రాద్ధాంతం చేశారు". మూడో పేపర్లో "ప్రశ్నించారు". జవాబిచ్చిన చైర్‌పర్సన్ ఒకచోట "స్పష్టం చేశారు", ఇంకోచోట "దాటవేశారు". ఒకరు మాట్లాడితే "తెలిపారు", ఇంకొకరు మాట్లాడితే "ఆరోపించారు". పక్షపాతం చాలావరకు ఈ క్రియాపదాల్లో, శీర్షికలో, ఫొటో ఎంపికలో ఉంటుంది. "రసాభాసగా కౌన్సిల్" అన్న శీర్షిక చూస్తే గొడవ ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అసలు ప్రశ్న ఏమిటో కూడా మరుగున పడిపోతుంది. ఆ క్రియాపదాలు తీసేసి చదివితే మూడింటిలోనూ మిగిలేది ఒకటే: డీజిల్ లెక్క అడిగారు, లెక్క ఇవ్వలేదు. మనకు కావలసింది అదే.

2021 మార్చిలో తాడిపత్రి మున్సిపాలిటీ రాష్ట్రమంతా మారుమోగింది. 36 వార్డుల్లో తెలుగుదేశానికి 18, వైఎస్సార్‌సీపీకి 16, సీపీఐకి ఒకటి, ఇండిపెండెంట్‌కు ఒకటి. ఎక్స్ అఫిషియో ఓట్ల మీద, అంటే ఎమ్మెల్యే, ఎంపీ లాంటి వాళ్లకు పదవి వల్ల కౌన్సిల్‌లో వచ్చే ఓట్ల మీద పెద్ద వివాదం నడిచింది. అప్పుడు ఎవరికి ఏ పత్రిక ఇష్టమైతే అది చదివారు, కోపాలు కూడా దాన్ని బట్టే వచ్చాయి. అయినా ఏ పత్రిక చదివిన పాఠకుడైనా సీపీఐ, ఇండిపెండెంట్ ఎటు వెళతారన్నదే కీలకమని తనంతట తాను లెక్క వేసుకోగలిగాడు. మొగ్గు ఉన్న పత్రికలో కూడా అంత సరుకు ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే 1992. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డప్పుడు ఈనాడు ఆ ఉద్యమానికి రోజూ పెద్దపీట వేసింది. కాంగ్రెస్ ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడానికే ఇదంతా అన్న విమర్శ వచ్చింది. ఉద్దేశం ఏదైనా కావచ్చు. సారా కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్లు నిజం. పక్క ఊళ్ల వాళ్లు పేపరు చదివించుకుని కదలడం నిజం. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. యజమానికి స్వార్థం ఉందని తేలినంత మాత్రాన వార్త అబద్ధమైపోదు.

మన వార్డు సమస్య వేయలేదన్న ఫిర్యాదులో చాలావరకు కుమ్మక్కు ఉండదు. సమావేశం పదకొండుకు మొదలై రెండు దాటుతుంది. సాయంత్రంలోగా డెస్కుకు పంపాలి. జిల్లా పేజీల్లో ఒక మున్సిపాలిటీకి దొరికేది కాస్త చోటు, యాడ్ వస్తే అదీ తగ్గుతుంది. నలభై అంశాల అజెండాలో మూడు మాత్రమే పడతాయి. అందులో ఏ మూడు? ఇక్కడ నా విమర్శ ఉంది. కమిషనర్ ఆఫీసు నుంచి ప్రెస్ నోట్ తయారుగా వస్తుంది. "అజెండా అంశాలకు ఏకగ్రీవ ఆమోదం" అని అందులోనే ఉంటుంది. అలసిపోయిన విలేకరి దాన్నే పంపేస్తాడు. అప్పటికప్పుడు పెట్టిన టేబుల్ అజెండాలో ఏముందో ఎవరూ అడగరు. అది అధికారులవైపు మొగ్గు, ఏ పార్టీ గెలిచినా మారని మొగ్గు. నేను అందరికన్నా ఎక్కువ భయపడేది దానికే. ప్రతిపక్ష కౌన్సిలర్ కాగితాలతో వచ్చి అంశం నంబరు చూపించిన రోజు వార్త వచ్చింది. అరిచి వెళ్లిపోయిన రోజు "వాకౌట్" అన్న ఒక్క ముక్కే వచ్చింది.

ఇక గ్రూపుల్లోనే నిజం వస్తుందన్న మాట. పేపర్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు చట్ట ప్రకారం వేయాలి. తప్పు రాస్తే సంపాదకుడికి ఉత్తరం రాయొచ్చు. వివరణ వేయకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, దినపత్రికైతే ప్రచురించిన రెండు నెలల్లోపు. ప్రెస్ కౌన్సిల్‌కు జరిమానా వేసే అధికారం లేదు, హెచ్చరించగలదు, మందలించగలదు. చిన్న శిక్షే, ఒప్పుకుంటాను. కానీ కాలువ టెండరు మెసేజ్ మొదట ఎవరు రాశారో నాకు పంపిన పది మందిలో ఒక్కరికీ తెలియదు. అందులో టెండరు విలువ ఒకచోట 40 లక్షలు, ఇంకోచోట 70 లక్షలు. దాన్ని ఎవరు సరిదిద్దుతారు?

ఆ కౌన్సిల్ సమావేశం మినిట్స్ కాపీ, అంటే అక్కడ ఏం జరిగిందో రాసిన రికార్డు కోసం సమాచార హక్కు చట్టం కింద మొన్న సోమవారం దరఖాస్తు పెట్టాను. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ సమావేశం మీద వచ్చిన మూడు పేపర్ల కటింగులూ దాచాను. కాపీ వచ్చాక మెసేజ్ పంపినవాళ్లు కూడా ఇంటికి రండి, పక్కపక్కన పెట్టి చదువుదాం. టేబుల్ అజెండా కాపీ విడిగా అడిగాను.