లిస్టుకు ప్రవేశం లేదు

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో, కీ అనే గుర్తు కింద ఒక్కో విలువను దాచిపెట్టే డిక్షనరీకి ఉన్నంత పట్టింపు చాలా తక్కువ వాటికి ఉంటుంది. విలువగా ఏది ఇచ్చినా కళ్లు మూసుకుని పుచ్చుకుంటుంది గానీ, కీగా వచ్చేవారిని మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి నడవడిక విచారిస్తుంది. ఎప్పుడైనా మార్చుకోగల విలువల వరుస అయిన లిస్టును వెంటబెట్టుకుని వెళితే 'టైప్ఎర్రర్: అన్‌హ్యాషబుల్ టైప్' (హ్యాష్ కట్టడానికి వీలుకాని రకం) అని ఒక్క ముక్క మొహాన కొట్టి పంపేస్తుంది. కారణం న్యాయమైనదేనని ఒప్పుకోక తప్పదు. కీ నుంచి లెక్కగట్టే అంకెను హ్యాష్ అంటారు, దాన్ని బట్టే డిక్షనరీ ఆ కీని ఫలానా గడిలో పెడుతుంది. ఆ తరువాత లిస్టు తనలో ఇంకో అంకెను చేర్చుకుంటే హ్యాష్ మారిపోయి, వెతకబోయినవాడు వేరే గడి తలుపు తడతాడు, వస్తువు ఇంట్లోనే ఉంటుంది గానీ దొరకదు.

అయితే ఈ నిష్ఠ అందరి పట్లా ఒకేలా ఉంటుందని భ్రమపడరాదు. మనం రాసుకున్న క్లాసు (ఆబ్జెక్టులకు నమూనా) తాలూకు ఆబ్జెక్టు, కడుపులో వంద లిస్టులు దాచుకుని పూటకో రంగు మార్చినా, దర్జాగా కీ అయి కూర్చుంటుంది, ఎందుకంటే దాని హ్యాష్‌కు లోపలి సరుకుతో నిమిత్తం లేదు. రెండు ఆబ్జెక్టులు ఎప్పుడు సమానమో చెబుదామని నిజాయతీగా ఈక్వల్ మెథడ్ ఒక్కటే రాసి ఊరుకున్నామా, ఆ క్లాసుకున్న హ్యాష్‌ను పైథాన్ అక్కడికక్కడే రద్దు చేస్తుంది. మార్చడానికి వీల్లేని, కీగా పనికొచ్చే తోడుగా సెట్టుకు ఫ్రోజెన్‌సెట్ ఉంది, లిస్టుకు టపుల్ ఉంది. డిక్షనరీకి కూడా అలాంటి తోడు కావాలని 2012లో పెప్ 416 అనే పైథాన్ ప్రతిపాదన పత్రం అడిగితే, ఆ విన్నపాన్ని తిరస్కరించారు.

నాకు లిస్టే కీగా కావలసి వచ్చింది, ఒక ఫంక్షన్ ఒకసారి చెప్పిన జవాబును మళ్లీ లెక్కించకుండా దాచే క్యాష్ కోసం. ఇన్ని అవమానాలు పడటం దేనికి, డేటా మొత్తాన్ని జేసన్ (డేటాను అక్షరాల్లో రాసే పద్ధతి) స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా మార్చి ఆ స్ట్రింగ్‌నే కీగా వాడితే పోలేదా అని మనలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక మధ్యాహ్నం తోస్తుంది. నాకూ తోచింది. 'ఎ' ముందు, 'బి' తరువాత చేర్చిన డిక్షనరీ ఒకటి, అవే విలువలను తారుమారుగా చేర్చినది మరొకటి తీసుకుంటే, రెండూ సమానమేనని పైథాన్ ప్రమాణం చేసి చెబుతుంది. వాటి జేసన్ పత్రాలు మాత్రం వేర్వేరుగా వస్తాయి. అంటే ఒకే మనిషికి రెండు గుర్తింపు కార్డులన్న మాట. సరే, కీలను వరుసలో పెట్టమని 'సార్ట్ కీస్' తగిలిస్తే ఆ జబ్బు కుదురుతుంది గానీ, కీలలో ఒకటి అంకె, మరొకటి స్ట్రింగ్ అయిన రోజున, వాటిలో ఏది చిన్నదో తేల్చలేక అది కూడా చేతులెత్తేస్తుంది. పైగా జేసన్ దృష్టిలో కీ అంటే స్ట్రింగే కనుక, అంకె 1 కీగా ఉన్న డిక్షనరీ, స్ట్రింగ్ '1' కీగా ఉన్న డిక్షనరీ ఒకే పత్రంతో బయటికి వస్తాయి. ఇప్పుడు ఇద్దరు మనుషులకు ఒకే కార్డు. (ఈ గొడవలో జావాస్క్రిప్ట్‌ది వేరే స్థాయి: మామూలు ఆబ్జెక్టును మరో ఆబ్జెక్టుకు కీగా ఇస్తే, 'ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్' అనే ఒకే పేరు అందరికీ పెట్టి చేతులు దులుపుకుంటుంది.)

స్ట్రింగ్ మీద విరక్తి పుట్టి, లోపలి లిస్టులన్నిటినీ టపుల్స్‌గా, డిక్షనరీలను సార్ట్ చేసిన జతల టపుల్స్‌గా మార్చే, లోపలికి దిగుతూ తనను తానే పిలుచుకునే రికర్సివ్ ఫంక్షన్ రాశాను. మొదటి పరీక్షలోనే, 'ఎ' కీకి 1 విలువగా ఉన్న డిక్షనరీ, 'ఎ', 1 అనే జతను మోస్తున్న లిస్టు కవల పిల్లల్లా ఒకే టపుల్‌గా తేలాయి. ప్రతి టపుల్ నెత్తిన అసలు టైపు పేరు రాశాను. అప్పుడు ట్రూ ('నిజం' అనే విలువ) వచ్చింది. పైథాన్‌లో ట్రూ, 1, 1.0 మూడూ సమానం, మూడింటి హ్యాషూ ఒకటే. 1కి దాచిన జవాబును క్యాష్ ఎంతో వినయంగా ట్రూకు వడ్డించింది. పైథాన్‌తో పాటే వచ్చే ఎల్‌ఆర్‌యూ క్యాష్‌లో, టైపులను వేరు చేసే 'టైప్డ్' అనే మీట ఉంది కదా అంటారు. అది నేరుగా ఇచ్చిన ఆర్గ్యుమెంట్ల టైపునే చూస్తుంది, టపుల్ లోపలికి తొంగి చూడటం దాని మర్యాదకు భంగం. కాబట్టి లోపలి ప్రతి విలువకూ టైపు పేరు నేనే తగిలించాను.

ఇంత కష్టపడి చేసిన కీని హ్యాష్ చేసి, ఆ అంకెను ఫైల్లో భద్రపరచి, మర్నాడు ప్రోగ్రామును మళ్లీ నడిపితే ఒక్కటీ దొరకలేదు, పైథాన్ 3.3 నుంచి స్ట్రింగ్ హ్యాష్ నడిపిన ప్రతిసారీ వేరుగా వస్తుందన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. దాడుల నుంచి రక్షణ కోసం అలా పెట్టారు కనుక తప్పు పట్టడానికి కూడా వీల్లేదు. ఫైలు ఆశ వదులుకుని, మెమరీలో ఉండే క్యాష్‌తోనే సరిపెట్టుకున్నాను.

చివరికి కీ నిర్దోషిగా తయారైంది, ఫంక్షన్ నలభై లైన్లకు పెరిగింది, ప్రోగ్రాం మాత్రం క్యాష్ లేనప్పటి కంటే నెమ్మదించింది. కీ తయారు కావాలంటే లిస్టులోని ప్రతి అంకెనూ పలకరించి, దాని టైపు అడిగి, టపుల్‌లో కూర్చోబెట్టి రావాలి. ఇంతకీ నేను క్యాష్ చేయదలచిన ఫంక్షన్ ఆ అంకెలన్నిటినీ కూడి మొత్తం చెబుతుంది.