ఏ వరసా పెట్టి పిలవని మనిషి

ఇక్కడ టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మన తెలుగువాళ్ళం పెట్టుకున్న ఈ ఉగాది సాహితీ సదస్సుకి వచ్చినవాళ్ళకి నేను ఏ సంగతి గురించి రాస్తున్నానో తెలుసు. పచ్చడి పంచి, పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల డాన్సులకి ముందు మాకు గంటన్నర ఇచ్చారు. నా వంతు ఎనిమిది నిమిషాలు. మూడేళ్ళుగా రాస్తున్న నవలలోంచి రెండు పేజీలు చదివాను. 1870ల టెక్సాస్ కథ అది. పశువుల వ్యాపారులకి లెక్కలు రాసే ఒక పంతులమ్మ, ఆ లెక్కల్లోంచే వ్యాపారం నేర్చుకుని సొంత మంద కొనుక్కుంటుంది. దాన్ని కాన్సస్‌కి తోలుకెళ్ళే దారిలో ఒక మనిషిని ఇష్టపడుతుంది. మర్నాడు ఏరు దాటాలనగా ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకునే ఘట్టం నేను చదివింది.

చదవడం అయ్యాక ముందు వరసలోని ఒక పెద్దాయన మైకు తీసుకున్నారు. నేను ఎంతో గౌరవించే మనిషి. ఇక్కడ మన పిల్లలు అ ఆలు దిద్దుతున్నారంటే అందులో ఆయన కష్టం చాలా ఉంది. "అమ్మా, భాష బాగుంది. కానీ కౌబాయ్‌ల ప్రేమకథలు మనకెందుకు? ఆ కాలంలో ఆడవాళ్ళు మందలు తోలారంటే నమ్మబుద్ధి కావడం లేదు. మన ఆడవాళ్ళ గురించి రాయండి" అన్నారు. హాలంతా చప్పట్లు. నేను చదివినప్పుడు అంత గట్టిగా పడలేదు.

రెండు వారాలకి ఈ సంచిక వేసే కమిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ప్రేమ భాగం తీసేసి చరిత్ర వ్యాసంలా మార్చి ఇస్తే, వనితా పేజీల్లో ముగ్గుల పోటీ ఫలితాల పక్కన వేస్తామన్నారు. అదే వారం స్నేహితురాళ్ళు ఇద్దరు ఫోన్ చేశారు. "ఆ పశువుల ధరలూ లెక్కలూ తీసెయ్యవే, ప్రేమ ఒక్కటీ ఉంచు, ఒక్క రాత్రిలో చదివేస్తాం" అన్నారు. అందరూ నా మంచి కోరే చెప్పారు. కానీ ఆ రెండూ నా కథలో రెండు పోగులు కావు, విడదీయడానికి.

ముందు, ఇలాంటివి జరిగాయా అన్న మాట. లిజ్జీ జాన్సన్ మన ఆస్టిన్ మనిషే. 1840లో మిస్సోరీలో పుట్టింది. తండ్రి ఇక్కడ హేస్ కౌంటీలో బడి పెడితే అందులో పాఠాలు చెప్పింది. పశువుల వ్యాపారులకి లెక్కలు రాసింది, పత్రికలకి కథలు కూడా రాసింది. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక టెక్సాస్‌లో 4 డాలర్లు పలికే పశువు ఉత్తరాది బజార్లలో 40 దాకా పలికేది. ఆ తేడా ఎవరి జేబులోకి పోతోందో లెక్కలు రాసే మనిషికి కనబడకుండా ఎలా ఉంటుంది? 1871లో ట్రావిస్ కౌంటీలో తన పేరు మీద సొంత ముద్ర రిజిస్టర్ చేయించుకుంది. ఆ ముద్రతో వాత పడిన దూడ ఎక్కడ తిరిగినా ఆమెదే.

1879లో హెజెకయా విలియమ్స్‌ని పెళ్ళి చేసుకుంది. మొదటి భార్య పోయినవాడు, పిల్లలున్నవాడు, చర్చిలో ఉపదేశాలు చెప్పేవాడు. పెళ్ళికి ముందే కాగితం రాయించుకుంది, తన ఆస్తి తన చేతిలోనే ఉంటుందని. తర్వాత ఆయనా ఆమే ఎవరి పశువులు వాళ్ళవిగా ఉంచుకుని మందలు తోలే చిజమ్ ట్రెయిల్ దారి మీద కాన్సస్‌కి వెళ్ళారు. 1914లో ఆయన పోయినప్పుడు, పైసా పైసా చూసుకుంటుందని ఊళ్ళో పేరుపడ్డ ఆ మనిషి 600 డాలర్లు పెట్టి శవపేటిక కొంది. ఈ ముసలి రాబందుని నేను ఇంత ప్రేమించాను అని ఆ బిల్లు మీద రాసిందని ఇప్పటికీ ఇక్కడ చెప్పుకుంటారు. ఆ బిల్లులో ప్రేమ ఎక్కడ ఆగింది, లెక్క ఎక్కడ మొదలైంది? తీసెయ్యమన్నవాళ్ళు చూపిస్తే నేర్చుకుంటాను.

మార్గరెట్ బోర్లండ్ కథ ఇంకా కష్టమైనది. టెక్సాస్‌లోనే విక్టోరియా ఊరు. 1867లో మూడో భర్త పోయాడు, అదే ఏడాది ఎల్లో ఫీవర్ ఆమె పిల్లల్లో కొందరిని తీసుకుపోయింది. 1873లో సుమారు 2,500 పశువులతో, మిగిలిన పిల్లలనీ చిన్న మనవరాలినీ వెంటపెట్టుకుని కాన్సస్‌లోని విచిటా దాకా వెళ్ళింది. రోజుకి పదీ పదిహేను మైళ్ళకి మించి సాగని దారి అది. విచిటా చేరాక మంద అమ్ముడవకముందే జబ్బుపడి పోయింది.

వీళ్ళు చాలా కొద్దిమంది, ఒప్పుకుంటాను. చాలామందిని ఈ పనిలోకి నెట్టింది వైధవ్యమే, సాహసం మీద మోజు కాదు. నాయికకి తుపాకీ ఇచ్చి, గుర్రం ఎక్కించి, ఆ నేల ఎవరిదో అడగని నవలలు ఇంగ్లీషులో బోలెడు ఉన్నాయి. ఇది ఇక్కడి ఆదివాసులైన కొమాంచీల నేల, టొంకవాల నేల. 1865 జూన్ దాకా టెక్సాస్‌లో మనుషులని కొన్నారు, అమ్మారు. మంద వెంట నడిచిన కౌబాయ్‌లలో నల్లవాళ్ళూ మెక్సికన్లూ ఎంతోమంది. పెద్దాయన బాధ ఇది అయితే ఆయన పక్కనే కూర్చుంటాను. కానీ ఆయన అడిగింది ఇది కాదు. మన ఆడవాళ్ళ గురించి రాయమన్నారు.

రాస్తున్నాను. అదే చెప్పాలి మీకు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. తాతయ్య పోయేనాటికి నాయనమ్మకి ముప్పై ఒకటి. ముగ్గురు పిల్లలు, ఎకరంన్నర మెట్ట, రెండు జతల ఎడ్లు. ఏడాది తిరిగాక తానే ఒక కోడెని తోలుకుని సంతకి పోయింది. అక్కడ ఇంకో ఆడమనిషి లేదు. పళ్ళు చూసి వయసు చెప్పేది. సుడులు చూసేది. గంగడోలు నిమిరి, మూపురం మీద అరచెయ్యి ఆనించి, నాలుగడుగులు నడిపించి ఏ కాలు బరువుగా పడుతోందో పట్టేసేది. ఇవి ఆమెకి ఎవరూ నేర్పలేదు. తాతయ్య రాత్రి అన్నం తింటూ చెప్పే సంత కబుర్లు పదిహేనేళ్ళు విన్నది.

అయితే సంతలో బేరం నోటితో జరగదు. ఇద్దరు మగవాళ్ళు చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదు. భర్త పోయిన ఆడమనిషి చెయ్యి పరాయి మగవాడు గుడ్డ కింద ఎలా పట్టుకుంటాడు? పశువు గురించి అంతా తెలిసిన మనిషికి ధర చెప్పే చెయ్యి లేకుండా పోయింది. పన్నెండేళ్ళ మా పెద్దనాన్నని తీసుకెళ్ళి ఆయన చెయ్యి పెట్టించేది. ఆ వయసులో ఆయనకి వేళ్ళ లెక్క సరిగా అందక ఒక జత ఎడ్లని సగం ధరకి ఒప్పేసుకున్నాడట. ఆ రాత్రి నాయనమ్మ ఏడవలేదు, పిల్లాడిని తిట్టలేదు, పొద్దున్నే మామూలుగా గడ్డి వేసిందని మా అత్త చెప్పేది.

తర్వాతి సంతలో ఒక దళారి తన తుండుగుడ్డ మడిచి భుజాన వేసుకుని, ధర నోటితో చెప్పాడు, అందరూ వినేలా. నాయనమ్మ నోటితోనే జవాబు చెప్పింది. చుట్టూ నవ్వులు. దళారి అన్నవాడు ధర బయట పెడితే రేపటి నుంచి వాడి బతుకేం కావాలి? అయినా ఆయన ఆమెతో ఎప్పుడు బేరం చేసినా అలాగే చేశాడు. పాతికేళ్ళు.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు నేనూ సంతకి వెళ్ళేదాన్ని. ఆయన్ని చూశాను. నాయనమ్మని ఊళ్ళో ప్రతి ఒక్కరూ అత్తా అనో, అక్కా అనో, వదినా అనో పిలిచేవాళ్ళు. కులం వేరైనా వరస కలుపుకోవడం మన పల్లెల మర్యాద. ఆయన మాత్రం ఏ వరసా పెట్టలేదు. "మీరు" అనేవాడు, అంతే. ఆమె కూడా ఆయన్ని ఎన్నడూ "అన్నా" అనలేదు. ఎండాకాలం మజ్జిగ చెంబు ఆయన చేతికివ్వకుండా గట్టు మీద పెట్టేది, ఆయన తీసుకుని తాగి, చెంబు కడిగి అక్కడే పెట్టేవాడు. ఇంతకు మించి నేను చూడలేదు. ఇంతకు మించి ఏమీ జరిగి ఉండదు కూడా. కానీ పాతికేళ్ళు వరస పెట్టకుండా మాట్లాడటం అంటే ఏమిటో తెలుగు పుట్టుక పుట్టినవాళ్ళకి నేను విడమరిచి చెప్పాలా?

ఊరిని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. మా నాయనమ్మ దగ్గర పశువు కొని, బాకీ ఎగ్గొట్టకుండా పంట రాగానే తెచ్చి ఇచ్చిన ఊరు అది. కానీ ఆ మనిషి పోయినప్పుడు చూడటానికి ఆమెని వెళ్ళనివ్వలేదు. ఏ వరసని వెళ్తావు అని అడిగారు. ఆ రోజంతా నాయనమ్మ గొడ్ల చావిట్లో కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు.

ఆ "మీరు"నే నేను టెక్సాస్ దారిలో పెట్టాను. ఇంగ్లీషులో రాస్తే ఈ చిక్కే లేదు, అందరికీ ఒకటే మాట. తెలుగులో రాసేటప్పుడు ఆ గుర్రం మీది మనిషి ఆమెని ఏ పేజీలో "నువ్వు" అంటాడో నేను తేల్చుకోవాలి. ఆరు నెలలు తేలలేదు. మంద సొంతదారుని జీతగాడు "నువ్వు" అనడు. పెళ్ళయిన మర్నాటి నుంచి భర్త "నువ్వు" అంటాడు, భార్య మాత్రం "మీరు" దగ్గరే ఆగిపోతుంది, మన ఇళ్ళల్లో. నా కథలో ఏరు దాటే ముందు రాత్రి ఇద్దరూ "మీరు" అనే మాట్లాడుకుంటారు. ఆస్తి కాగితం మీద ఆయన సాక్షుల ముందు సంతకం పెట్టాక, ఆమే మొదట "నువ్వు" అంటుంది. సదస్సులో ఇంకొకరు లేచి అడిగింది దీని గురించే, భార్య భర్తని అలా అంటుందా అని. అంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఆ మూడు వందల పేజీలు.

చేతిలో సొంత పని ఉన్న ఆడమనిషికి పెళ్ళి ఎంత చిక్కో ఈ దేశం చట్టాలలోనే ఉంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద పెళ్ళికాని ఆడదీ, భర్త పోయినదీ తన పేర 160 ఎకరాల ప్రభుత్వ భూమికి అర్జీ పెట్టుకోవడానికి వీలుండేది. భర్తతో కాపురం చేసే ఇల్లాలికి మామూలుగా ఆ హక్కు ఉండేది కాదు. ఎలినోర్ ప్రూయిట్ స్టీవర్ట్ అనే ఆమె 1909లో వయోమింగ్‌లో అర్జీ పెట్టింది, కొద్ది రోజులకే పెళ్ళి చేసుకుంది, చివరికి ఆ భూమి వదులుకుంది. ఇది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. నేను 2004లో హైదరాబాదులో అకౌంటెంట్ ఉద్యోగం మానేసి భర్త వీసాని బట్టి భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చాను. ఇల్లాలిగా వచ్చాను కాబట్టి పని చేయడానికి లేదు. 2015లో మాలో కొందరికి ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి, ఇచ్చేదాకా పదకొండేళ్ళు. ఈ సంచిక చదివే మీలో ఎంతమంది ఆ వరసలో నిలబడ్డారో మీకే తెలుసు. దీపావళి టికెట్ల లెక్కలూ సంక్రాంతి భోజనాల లెక్కలూ ఆ ఏళ్ళలో నేను రాశాను, ఇష్టంగానే. లెక్కల పుస్తకం పట్టుకున్న ఆడమనిషి కథ నాకు పరాయిది కాదు.

మరి నేరుగా మనవాళ్ళ మీదే రాయొచ్చు కదా అంటారు. అయ్యలసోమయాజుల లలితగారి గురించి వినని తెలుగు ఇంజనీరమ్మాయి ఉండకూడదు. 1919లో మద్రాసులో మన తెలుగు ఇంట్లో పుట్టారు. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. గిండీ కాలేజీలో చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు, మన దేశంలో మొదటి మహిళా ఇంజనీరు అయ్యారు. భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల పని చేశారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సభకి వచ్చారు. ఆమె జీవిత చరిత్రని మన సంచిక ఎన్ని పేజీలైనా వేయాలి. కానీ ఆమె మీద ప్రేమకథ అల్లే హక్కు నాకు లేదు, నిన్న మొన్నటి మనిషి ఆమె. మా నాయనమ్మ కథ పేర్లతో రాస్తే మా పెద్దనాన్న నాతో మాట్లాడరు, అది ఆయన అమ్మ. నూట యాభై ఏళ్ళ దూరం, పదివేల మైళ్ళ దూరం ఉంటే తప్ప ఆ మజ్జిగ చెంబు గురించి రాయలేకపోయాను.

పైగా ఆ దూరం కూడా అనుకున్నంత లేదు. హ్యూస్టన్ వైపు హైవే మీద వెళ్తుంటే మూపురంతో కనబడే బ్రాహ్మన్ అనే జాతి పశువుల్లో మన ఒంగోలు రక్తం ఉంది. బ్రెజిల్‌లో ఒంగోలు జాతి పేరే నెలోర్, మన నెల్లూరు. మొదటిసారి చూసినప్పుడు కారు పక్కకి ఆపి చాలాసేపు నిలబడ్డాను.

సంచిక కమిటీవారికి నా విన్నపం ఇది. పేజీలు తక్కువని తెలుసు, ప్రకటనలు లేకపోతే అచ్చు ఖర్చు రాదనీ తెలుసు. వ్యాసంగా మార్చను, ప్రేమ భాగం తీయను, ధరలు కూడా తీయను. దసరా సంచికలో ఎనిమిది పేజీలు ఇవ్వండి, వనితా పేజీల్లో కాకుండా కథల్లో వేయండి. నచ్చకపోతే తర్వాతి సంచికలో పాఠకుల ఉత్తరాలు అన్నీ వేయండి, పెద్దాయన ఉత్తరం అందరికంటే ముందు.

ఇంకొకటి మీ అందరినీ అడుగుతున్నాను. రౌండ్ రాక్‌లో బ్రషీ క్రీక్ మధ్య ఆ గుండ్రటి బండ ఉంది కదా, ఊరికి పేరు పెట్టింది. మందలు ఏరు దాటింది అక్కడే. రాతి మీద బండి చక్రాల గాళ్ళు ఇప్పటికీ కనబడతాయి. జూన్ మొదటి శనివారం పొద్దున తొమ్మిదింటికి నేను అక్కడ ఉంటాను, ఆ ఘట్టం మళ్ళీ చదువుతాను. వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మలనీ అత్తగార్లనీ తీసుకురండి. సంతకి వెళ్ళినవాళ్ళు, కొట్టు నడిపినవాళ్ళు, పొలం కౌలుకి తీసుకున్నవాళ్ళు వాళ్ళల్లో ఉంటారు. వాళ్ళ దగ్గర నేను అడిగి రాసుకోవలసినవి చాలా ఉన్నాయి. చాపలూ మజ్జిగా నేను తెస్తాను.