గొంతు మొలిచిన వయొలిన్

మా మేనమామ నలభై ఏళ్లు హరికథలు చెప్పి, మోకాళ్లు మొరాయించాక బిట్రగుంటలో ఇంటిపట్టున ఉంటున్నారు. కొండ బిట్రగుంట తిరునాళ్లలోనూ, కావలి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆయన చెప్పిన పద్నాలుగు గంటల కథను క్యాసెట్ల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించి, రవ్వంత కూడా పోకుండా ఫ్లాక్ ఫైళ్లుగా దాచిన ఘనత నాదే. గంట కథకు దాదాపు 300 ఎంబీ పట్టింది. ఆ ఘనతను నాలుగు గిగాబైట్ల కక్కుర్తి కోసం పోగొట్టుకున్నవాణ్ణీ నేనే.

మామయ్యది బటన్ల ఫోను. అది ఫ్లాక్ పాడదు. పాడినా దాని కార్డులో అంత చోటు లేదు. ఎంపీ3 చేసి ఉంటే నాలుగైదు వందల ఎంబీలో మర్యాదగా సరిపోయేది. అయితే మార్పిడి చేసే సాఫ్ట్‌వేరులో ఏఎంఆర్ అనే పేరు పక్కన ‘మాటల కోసం’ అని కనిపించింది. హరికథ అంటే మాటలే గదా అనుకున్నాను. పద్నాలుగు గంటల కథ 77 ఎంబీలోకి ముడుచుకుపోయేసరికి, కంప్యూటర్లో చోటు మిగిలిందన్న సంబరంలో ఫ్లాక్ ఫైళ్లను అప్పటికప్పుడే చెరిపేశాను.

నెల్లూరు నుంచి రైల్లో వెళ్లి, వరండాలో మామయ్య చేతికి ఫోను అందించాను. వచనం సాగినంతసేపూ ఆయన గొంతు గంభీరంగానే పలికింది. పద్యం ఎత్తుకోగానే వయొలిన్ గుడగుడమంది. చిరతలు మోగగానే మామయ్య వంటింటి వైపు తిరిగి, ‘‘వడలేస్తా ఉండావా?’’ అని అడిగారు.

‘‘ఇంకా పొయ్యే ఎలిగించలేదు’’ అంది అత్తయ్య.

నేను చేసిన నిర్వాకం ఏమిటో ఆ రాత్రి చదివితే గాని తెలియలేదు. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిస్తే, టెలిఫోను సంభాషణల కోసం పుట్టిన ఈ ఏఎంఆర్ 8,000 సార్లు మాత్రమే కొలుస్తుంది కాబట్టి, 4,000 హెర్ట్జ్‌కు పైనున్న చిరతల తళుకంతా గడప దగ్గరే ఆగిపోయింది. అంతకంటే విచిత్రం, అది శబ్దాన్ని ఉన్నదున్నట్టు దాచుకోదు. 20 మిల్లీసెకన్లకొకసారి, ఈ ధ్వని రావాలంటే మనిషి గొంతు, నోరు ఏ ఆకారంలో ఉండాలో లెక్కగట్టి ఆ లెక్కనే రాసుకుంటుంది. మామయ్యకు గొంతు ఉంది కనుక ఆయన గట్టెక్కారు. పాపం, వయొలిన్‌కు లేని గొంతును అంటగట్టి అరిపించింది. ఒక కథ మధ్యలో బొగ్గు రైలింజను కూత వేస్తే మామయ్య ఆగి, ‘‘అదీ గోవిందా అంటా ఉండాది’’ అన్న చమత్కారం ఉంది. ఇప్పుడా కూతకూ వయొలిన్‌కూ తేడా తెలియక ఆ చమత్కారమూ నీళ్లపాలైంది.

పోయినదాన్ని రప్పిద్దామని ఏఎంఆర్ ఫైళ్లను మళ్లీ ఫ్లాక్‌లోకి మార్చాను. ఫైళ్లు లావెక్కాయి గాని చిరతలు తిరిగి రాలేదు. జరిగిన నష్టాన్ని ఏమాత్రం నష్టపోకుండా భద్రపరిచానన్నమాట.

తెల్లవారాక విషయమంతా ఒప్పేసుకున్నాను. మామయ్య తిట్టలేదు. అటక వైపు చూపించి, ‘‘క్యాసెట్ల పెట్టె దించబ్బయా’’ అన్నారు. ఎలుకలు పెట్టెను ముట్టలేదు గాని, మొదటి క్యాసెట్టులోనే టేపు వదులై బయటికి వేలాడుతోంది. పళ్ల చక్రంలో పెన్సిలు దూర్చి తిప్పుతూ కూర్చున్నాను. మామయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అదే పద్యాన్ని మళ్లీ మళ్లీ వింటున్నారు.

‘‘ఎందుకు మామయ్యా, బాగాలేదు గదా?’’

‘‘ఈ వయొలిన్ ఆయన నాకు అప్పట్లో శ్రుతి తప్పినావని పదిమందిలో చెప్పినాడబ్బయా. ఈ ముక్క మాత్రం చెరపబాక.’’