గుంయ్‌మనే హక్కు

మన తిరుపతిలో వారసత్వ సంపదకు కొత్త ముప్పు వచ్చిపడింది. దాని పేరు మరమ్మతు.

1970ల నాటి ట్రాన్సిస్టర్ గిటార్ యాంప్లిఫయర్ ఒకటి గాంధీ రోడ్డు వెనక సందులో ఓ మెకానిక్ బల్ల మీద మూత ఊడదీసుకుని పడి ఉంది. లోపల కెపాసిటర్లు, అంటే కరెంటును దాచుకుని వదిలే డబ్బాలు, మార్చాలట! దాని యజమాని నా మిత్రుడు, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయిస్తాడు. ఆయన పడుతున్న టెన్షన్ చూడలేక కలం పట్టాను.

‘హమ్ కొడతాంది సార్’, అంటే గుంయ్‌మంటోందని, మెకానిక్ అభియోగం. కొడుతోంది, కాదనం. ఇంట్లోకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే డయోడ్లు దాన్ని 100 చేస్తాయి. ఆ ఎగుడుదిగుళ్లను చదును చేయాల్సిన ఫిల్టర్ కెపాసిటర్లేమో లోపలి ద్రవం ఎండిపోయి చేతులెత్తేశాయి. దాంతో స్విచ్ వేయగానే స్పీకర్లోంచి 100 హెర్ట్జ్ నాదం. ఇందులో తప్పేముంది? గిటార్ ఆరో తీగ మీద మూడో ఫ్రెట్ (మెట్టు) నొక్కితే పలికేది 98 హెర్ట్జ్. తంబురా ఖర్చు లేకుండా యంత్రమే శ్రుతి వేస్తుంటే, ఆ పిసరంత తేడా సర్దుకుపోవడం కళాకారుడి ధర్మం కాదా?

ఒరిజినల్ పార్టు ఉంటేనే ఒరిజినల్ టోన్ అన్నది మా సిద్ధాంతం. ఈ రకం కెపాసిటర్లకు మామూలుగా 85 డిగ్రీల వేడిలో 2000 గంటలే హామీ. వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు రెట్టింపవుతుందని లెక్క. ఆ లెక్కలన్నీ దాటి, రేణిగుంట ఎండలకు తట్టుకుని, వ్యానుల్లో కుదుపులకు ఓర్చుకుని ఇన్నేళ్లు నిలబడ్డాయి. అంత సర్వీసు చేసి రిటైరైన మనిషికి శాలువా కప్పుతాం గానీ, సోల్డరింగ్ ఐరన్‌తో కాళ్లు ఊడబెరుకుతామా?

మెకానిక్ పద్ధతులూ అనుమానాస్పదమే. యాంప్‌కు కరెంటు నేరుగా ఇవ్వడు. మధ్యలో 100 వాట్ల గుండు బల్బు సిరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే పోయేలా, పెడతాడు. బల్బు దేదీప్యమానంగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. ఒక్కసారి మెరిసి మసకబారితే బండి బాగున్నట్టు. వెలుగు చూసి భయపడి, చీకటి చూసి నవ్వే మనిషిని నేనెక్కడా చూడలేదు. స్పీకర్‌ను నడిపే 2ఎన్3055 ట్రాన్సిస్టర్ షార్టయితే డీసీ (ఒకే దిక్కుగా పారే కరెంటు) స్పీకర్ దాకా వెళ్లి కాయిల్‌ను కాల్చేస్తుందని, బల్బు ఉంటే అంత కరెంటు పోదని ఆయన సమర్థన. అంతటితో ఆగాడా? వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటోందని లోపలికి క్లీనర్ కొట్టి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాడు. ఎన్ని పెళ్లిళ్ల అక్షింతల పసుపో ఒక్క స్ప్రేతో పోయింది. పురావస్తు శాఖ నిద్రపోతోందా?

కొందరు కొంటె ప్రశ్న ఒకటి వేస్తున్నారు. తిరుమలలో శ్రీవారి ఆలయంలోనే 12 ఏళ్లకోసారి బాలాలయం (తాత్కాలిక గుడి) కట్టి, విగ్రహాన్ని పీఠానికి అతికించే అష్టబంధనం కొత్తగా వేసి, మహాసంప్రోక్షణ చేస్తారు కదా, 2018 ఆగస్టులోనూ చేశారు కదా, స్వామి సన్నిధిలో చెల్లే జీర్ణోద్ధరణ ఈ డబ్బాకు చెల్లదా అని. ఇలాంటి చవకబారు వాదనలకు జవాబివ్వడం మా స్థాయికి తగదు.

ఎట్టకేలకు రాజీ కుదిరింది. పాత అల్యూమినియం డబ్బాలు కదలవు. మెకానిక్ వాటి అడుగు కోసి, ఎండిన సరుకు లాగేసి, చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించిన కొత్త కెపాసిటర్లను లోపల కూర్చి అతికించాడు. కొత్తవి సైజులో చిన్నవి కాబట్టి హాయిగా ఇమిడాయి. ఆ కాసేపూ మా మిత్రుడు వీధి వైపు తిరిగి టీ తాగాడు. తాను చూడలేదు కనుక ఏమీ మారలేదు.

స్విచ్ వేస్తే గుంయ్ లేదు. మా వాడు తీగ మీటి, కళ్లు మూసుకుని, ‘చూశావా అన్నా, ఒరిజినల్ పార్టులంటే ఇదీ’ అన్నాడు. మెకానిక్ తలూపి బిల్లు రాశాడు. కెపాసిటర్లకు 180 రూపాయలు. పాతవి మార్చనందుకు 600. మొదటి దానికి మా వాడు పావుగంట బేరమాడాడు.