క్యాలరీల అంకెకు జంకేది కస్టమర్ కాదు, వంటగది

మెనూలో ఐటమ్ పేరు పక్కన క్యాలరీలు వేస్తే జనం కాస్త చూసుకుని తింటారన్నది ప్రభుత్వాల ఆశ. 2008లో న్యూయార్క్ నగరం చెయిన్ రెస్టారెంట్లకు ఈ నిబంధన పెట్టింది. 2018 మే నుంచి అమెరికా అంతటా, 2022 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లోనూ పెద్ద సంస్థలకు ఇది తప్పనిసరైంది. ఫలితం ఉంది గానీ, గోరంత. వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ పాత అధ్యయనాలను కలిపి చూసి 2025లో తేల్చిన లెక్క ప్రకారం, 600 క్యాలరీల భోజనంలో తగ్గేది సుమారు 11.

ఆ గోరంత కూడా అందరిలో ఒకేలా లేదు. న్యూయార్క్ స్టార్‌బక్స్ బిల్లుల్లో సగటున 6 శాతం క్యాలరీలు తగ్గాయి. తగ్గినదంతా దాదాపు తినుబండారాల్లోనే. రోజూ తాగే కాఫీని అంకె చూసి ఎవరు మానుకుంటారు? పక్కనున్న కేకు ముక్కనైతే వదిలేయొచ్చు. అదే నగరంలోని పేద పేటల్లో, ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లలో అడిగితే సగం మంది అంకెను చూశామన్నారు. కొన్న క్యాలరీలు మాత్రం తగ్గలేదు. జేబు తడుముకునేవాడి కళ్లు ముందు ధర మీదికే పోతాయి.

అంకె ఎటువైపు ఉందన్నదీ చిన్న విషయం కాదు. అమెరికాలో పరిశోధకులు దాన్ని పేరుకు ఎడమవైపు వేసి చూస్తే, జనం తక్కువ క్యాలరీలవి ఎంచుకున్నారు. కుడి నుంచి ఎడమకు చదివే హీబ్రూలో కుడివైపు వేస్తేనే పనిచేసింది. పేరు ముందు చదివితే నోరూరిపోతుంది, ఆ తర్వాత కనబడే అంకెకు సర్దిచెప్పుకోవడం ఎంతసేపు! అయినా చాలా మెనూల్లో అంకె పేరు తర్వాతే, అదీ చిన్న అక్షరాల్లో.

నా లెక్కలో అసలు కదలిక వంటగదిలో ఉంది. పక్కన 1,400 అని అచ్చువేయక తప్పదంటే, కంపెనీ కొత్త ఐటమ్‌ను ముందే తేలిక చేస్తుంది. అమెరికన్ చెయిన్లలో కొత్తగా వచ్చినవాటిలో క్యాలరీలు తక్కువున్నట్టు పరిశోధనల్లో కనబడింది కూడా. పాతవి మాత్రం చాలావరకు అలాగే ఉన్నాయి.

ఇంతకీ క్యాలరీలొక్కటే చాలా? బీపీ ఉన్నవారికి కావలసింది ఉప్పు లెక్క. అమెరికా చట్టం ప్రకారం ఆ వివరాలు అడిగితే రాతపూర్వకంగా ఇవ్వాలి. వెనక క్యూ కదలమంటుంటే కౌంటర్ దగ్గర నిలబడి ఆ కాగితం అడిగేదెవరు? న్యూయార్క్ 2015లో ఇంకో దారి పట్టింది: ఉప్పులో ఉండే సోడియం 2,300 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్న ప్రతి ఐటమ్ పక్కనా చెయిన్ రెస్టారెంట్లు ఉప్పు డబ్బా బొమ్మ వేయాలి. కూడికలు అక్కర్లేని ఆ బొమ్మ క్యాలరీల పక్కన ప్రతిచోటా ఉండాల్సింది.