పిరమిడ్ వెనుక గుమాస్తా

గీజా మహా పిరమిడ్ మాట రాగానే మన దగ్గర రెండు కథలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి కొరడా దెబ్బలకు రాళ్లు లాగిన లక్షమంది బానిసలది, మరొకటి ఆకాశం నుంచి దిగివచ్చిన గ్రహాంతరవాసులది. రెండో కథకు జవాబు చెప్పడం కాలహరణం. మొదటి కథలోని లక్ష అంకె, నిర్మాణం ముగిసిన రెండు వేల ఏళ్లకు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ విని రాసుకున్నది. 146 మీటర్ల ఎత్తున, దాదాపు 23 లక్షల రాళ్లతో ఈజిప్టు రాజు కూఫు సమాధిని నిలబెట్టిన అసలు సత్తా జమాఖర్చుల్లో ఉందని నా వాదన.

అందుకు సాక్ష్యం 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో పురావస్తు శాస్త్రవేత్త పియర్ టాలె బృందానికి దొరికింది. తాపడానికి వాడే తెల్ల సున్నపురాయిని తురా గనుల నుంచి పడవల్లో గీజాకు చేరవేసిన మెరెర్ అనే అధికారి దినచర్య అది. పైన అడ్డంగా తేదీల గళ్లు, ఒక్కో తేదీ కింద రెండేసి నిలువు వరుసలు: ఏ రోజు రాయి ఎక్కించారు, ఏ రాత్రి ఎక్కడ ఆగారు. దానితోపాటు దొరికిన సరుకుల లెక్కల్లో రావలసినది, వచ్చినది, బాకీ అని మూడు పద్దులున్నాయి. కిరాణా కొట్టు ఖాతా చూసినవారెవరికీ ఈ పద్ధతి కొత్తగా తోచదు. రాయి చెక్కడం ఎంత గొప్ప విద్య అయినా, వేలమందికి రొట్టె, బీరు వేళకు అందకపోతే చెక్కిన రాయి గనిలోనే పడి ఉండేది.

వారంతా ఇష్టపడి వచ్చారా అని అడగవచ్చు. రాజ్యం వంతులవారీగా విధించిన చాకిరీకి వచ్చినవారే ఎక్కువ. వెట్టిని పండుగగా చూపనవసరం లేదు. అయితే 1990లో పిరమిడ్ల చెంతనే బయటపడిన శ్రామికుల సమాధుల్లో, విరిగి మళ్లీ తిన్నగా అతికిన ఎముకలున్నాయి. వైద్యమూ ఖర్చు పద్దే కదా.

ఏ రాజ్యం సత్తా అయినా కట్టడం ఎత్తులో కన్నా కూలి చెల్లింపులోనే తేలుతుంది. కూఫు తరవాత వెయ్యేళ్లు దాటాక, ఈజిప్టు రాజు మూడవ రామెసెస్ 29వ పాలనా సంవత్సరంలో ఈ సంగతి తేటతెల్లమైంది. నెలలో 18 రోజులు గడిచినా ధాన్యం రాకపోవడంతో, రాజుల సమాధులు తొలిచే దేర్ ఎల్-మదీనా పనివారు అయిదు కాపలా చౌకీలు దాటి వెళ్లి ఒక ఆలయం వెనుక బైఠాయించారు. ఆకలిదప్పులతో వచ్చామని, కట్టుబట్టా చేపా కూరా ఏదీ లేదని వారు చెప్పిన మాటలను లేఖకుడు పపైరస్‌పై (రెల్లుతో చేసిన కాగితంపై) ఎక్కించాడు. చివరికి అధికారులు గత నెల బత్తెం ఇవ్వక తప్పలేదు. ఆ పద్దునూ అతడే రాసుకున్నాడు.