నోటి మాటకు సెలవు, మస్టర్‌లో నాగా

‘రేపు రాకున్నా పర్వాలేదు, నేను చూసుకుంటా.’ హన్మకొండ చౌరస్తాలోని బట్టల షోరూంలోనో, ములుగు రోడ్డులోని ప్రైవేటు ఆస్పత్రిలోనో మేనేజర్ ఇంత మాట అన్నాక ఎదురు ప్రశ్న వేసే ఉద్యోగులు ఎంతమంది? ఆ రోజు ఆబ్సెంట్ పడిందని తెలిసేది జీతం చేతికొచ్చాకే. అడిగితే ‘నేనెప్పుడు చెప్పిన?’ అనో, ‘హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాలి కదా’ అనో జవాబు. బతుకమ్మ, దసరా గిరాకీ రోజుల్లో ఆదివారం పని చేయించుకుని, వీక్లీ ఆఫ్ మంగళవారం తీసుకోమంటారు. యాప్‌లో మాత్రం ఆఫ్ ఆదివారమే ఉంటుంది. చేసిన రోజు లెక్కలోకి రాదు, రాని రోజు నాగా.

డ్యూటీ వేసేది, మార్చేది మేనేజరే, అదీ యాజమాన్యం తరఫునే. ఆయన మాట నమ్మి ఇంట్లో ఉన్న మనిషికి శిక్ష వేయడం ఏ లెక్కన చూసినా అన్యాయం. ఒకరి మాట నమ్మి మరొకరు నడుచుకున్నాక అన్నవారు మాట మార్చకూడదన్న సూత్రం మన సాక్ష్య చట్టంలోనూ ఉంది. మరి నాగా పేరుతో ఉద్యోగమే పోతే? 1993లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన డి.కె.యాదవ్ అనే కార్మికుడి కేసునే తీసుకోండి. ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందన్నది ఆ ఫ్యాక్టరీ నిబంధన. తాను రోజూ వస్తూనే ఉన్నానని, గేటు దగ్గరే ఆపేశారని కార్మికుడి వాదన. విచారణ జరపకుండా, అతని మాట వినకుండా తొలగించడం సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. సగం వేతన బకాయిలతో తిరిగి పనిలోకి తీసుకోమంది.

షాపుల్లో పనిచేసేవారికీ రక్షణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మన తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి. నెల ముందు రాతపూర్వక నోటీసో, బదులుగా నెల జీతమో ఇవ్వాలి. కాదంటే కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. ఇక జీతం కోత, రాని కాలానికి మించకూడదు. ఒక్క నాగాకు రెండు రోజుల జీతం పట్టుకునే షాపులు ఇది గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఒకటుంది: ‘రాజీనామా రాసివ్వు, సెటిల్‌మెంట్ తొందరగా అయిపోతుంది.’ రాసిచ్చారంటే, తీసేసింది యాజమాన్యమేనని నిరూపించుకునే భారం ఉద్యోగి నెత్తిన పడుతుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

రాతపూర్వకంగా ఇవ్వమంటే ‘నన్ను నమ్మవా?’ అని మేనేజర్ నొచ్చుకోవచ్చు. ‘సార్, మీరు చెప్పినట్టే మంగళవారం ఆఫ్ తీసుకుంటున్నా’ అని అదే రోజు వాట్సాప్‌లో ఒక్క ముక్క పెడితే చాలు. అవసరమైతే ఆ మెసేజే సాక్ష్యం.

భూపాలపల్లి బొగ్గు గనిలో మస్టర్ తేడా వస్తే నిలదీయడానికి యూనియన్ ఉంది. షోరూంలో పొద్దంతా నిలబడే ఆడపిల్లకు ఎవరున్నారు? అందుకే కార్మిక శాఖ కదలాలి. డ్యూటీ మార్పు ఏదైనా మేనేజర్ సంతకంతో చార్టులో అందరికీ కనపడేలా పెట్టించాలి. దసరా గిరాకీ మొదలవకముందే వరంగల్, హన్మకొండ, కరీంనగర్ షాపుల్లో ఆ చార్టులను హాజరు యాప్‌లతో పోల్చి చూడాలి.